తాడు విప్పేశాక

‘ఢాం’ మన్న చప్పుడుకి షెడ్డు రేకులు అదిరాయి.

ఇంగ్లండులోని లింకన్‌షైర్. జనవరి నెల. సాయంత్రం ఐదు దాటిందో లేదో బయటంతా చీకటి, పైన సన్నటి వాన. మామూలుగా గుర్రపు స్వారీ నేర్పే ఆ షెడ్డుని వారానికో సాయంత్రం కుక్కల క్లబ్బు వాళ్లు అద్దెకు తీసుకుంటారు. ఇసుక పరిచిన నేల మీద హర్డిల్స్, గుడ్డ గొట్టాలు, ఏటవాలు బల్లలు. ఓ మూల 12 అడుగుల పొడవు, అడుగు వెడల్పున్న సీసా బల్ల. పార్కుల్లో పిల్లలు చెరోవైపు కూర్చుని ఊగుతారే, అలాంటిదే. ఎవరిదో బోర్డర్ కోలీ ఒక్క ఉరుకున దాని మీదికెక్కి, నడిమి దాటి, అవతలి కొస నేలకు కొట్టుకోగానే దిగి వెళ్లిపోయింది. ఆ చప్పుడే అది.

చుక్క అనే కుక్కపిల్ల పదమూడేళ్ల కుర్రాడి చేతిలోంచి తాడు లాక్కుని పారిపోయింది. కుర్రాడు వెనకే పరిగెత్తాడు. చుక్కది నల్లటి ఒళ్లు, నుదుట తెల్లమచ్చ, ఏడాదైనా నిండలేదు. తలుపుకి ఒళ్లంతా ఆనించి నిలబడింది. మొరగలేదు, కుయ్యిమనలేదు. కాళ్లు మాత్రం వణుకుతున్నాయి.

“అమ్మా, ఇంటికెళ్లిపోదామా?” అన్నాడు కుర్రాడు.

“ఆరు వారాలకి ఫీజు కట్టాం కదా నాన్నా. కాసేపు చూద్దాం” అంది తల్లి.

ఆమెది తెనాలి. ఇప్పుడు లింకన్‌షైర్‌లో ఓ ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి నాలుగు గంటలు నిద్రపోయి, కొడుకునీ కుక్కనీ కారెక్కించుకుని వచ్చింది. ఊరు మారి, బడి మారి, స్నేహితులు లేక గదిలోనే కూర్చుంటున్న పిల్లాడికి తోడుంటుందని తెచ్చిన కుక్క అది. రొమేనియా వీధుల్లో పుట్టింది. అనాథ కుక్కల్ని చేరదీసే సంస్థవాళ్లు వ్యాన్‌లో ఇంగ్లండుకి చేర్చారు. దిగిన మొదటివారం సోఫా వెనక నుంచి బయటికి రాలేదు. ఆ తర్వాత మాత్రం పెరట్లో ఒకటే పరుగు! కుర్చీ మీంచి బల్ల మీదికి, బల్ల మీంచి గోడ వైపుకి. అది చూసే కుర్రాడు ‘ఎజిలిటీ’ అనే అడ్డంకుల ఆట నేర్పిద్దామని పట్టుపట్టాడు. టీవీలో చూశాడు మరి.

ఆ ఆట పుట్టింది కూడా ఇంగ్లండులోనే. 1978 ఫిబ్రవరి, లండన్ ఒలింపియా హాలు. పేరుమోసిన ‘క్రఫ్ట్స్’ డాగ్ షో జరుగుతోంది. పెద్ద రింగ్‌లో ఒక పోటీ అయ్యాక ఇంకోటి మొదలయ్యేదాకా జనాన్ని కూర్చోబెట్టడానికి ఏదైనా వినోదం కావాలి. కమిటీలో ఉన్న జాన్ వార్లీకి గుర్రాలు అడ్డంకులు దూకే పోటీలు బాగా తెలుసు. అదే కుక్కలతో చేయిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆయనది. ఆ ఆలోచనకు రూపమిచ్చే పనిని పీటర్ మీన్‌వెల్ అనే శిక్షకుడికి అప్పగించాడు. లింకన్‌షైర్ నుంచీ యార్క్‌షైర్ నుంచీ నాలుగేసి కుక్కల జట్లు వచ్చి హర్డిల్స్ దూకాయి, గొట్టాల్లో దూరాయి, బల్లలెక్కి దిగాయి. జనం ఊగిపోయారు. రెండేళ్లకే, 1980లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దానికి నియమాలు రాసి అసలుసిసలు క్రీడగా గుర్తించింది.

ఆ నియమాల్లో కొన్నింటిని ఇక్కడ చెప్పి తీరాలి. రింగ్‌లోకి వెళ్లాక కుక్కకి తాడుండదు. నడిపించే మనిషి చేతిలో బిస్కెట్టూ ఉండకూడదు, బొమ్మా ఉండకూడదు. కుక్క మీద చెయ్యి వేయకూడదు. పోటీ పోటీకీ జడ్జి అడ్డంకుల వరస మార్చేస్తాడు. ముందుగా నడిచి చూసుకునే వీలు మనిషికే, కుక్క ఆ దారిని చూసేది పరుగు మొదలయ్యాకే. మాట, సైగ, మనిషి తిరిగే తీరు... వీటి మీదే అంతా నడవాలి. కుక్కకి ఇష్టం లేకపోతే మైదానంలో ఎటైనా వెళ్లిపోవచ్చు, పట్టుకుని లాగే దారి లేదు. నన్నడిగితే ఈ ఆట గొప్పతనం వేగంలో లేదు, ఆ విప్పేసిన తాడులో ఉంది. కొట్టి, లాగి, భయపెట్టి నేర్పిందేదీ అక్కడ పనికిరాదు.

ఆ సంగతి తెనాలి అమ్మకి అప్పటికింకా తెలియదు. రెండోవారం కూడా చుక్క తలుపు దగ్గరే కూర్చుంది. తక్కిన కుక్కలన్నీ వరసగా బల్ల దాటేస్తున్నాయి. పక్కనున్న ఒకాయన, “ఒక్కసారి ఎక్కిస్తే అదే అలవాటవుతుంది” అన్నాడు. ఆమె చుక్కని రెండు చేతులా ఎత్తి బల్ల కొసన నిలబెట్టింది. కుక్క కదల్లేదు. కళ్లలో తెల్లగుడ్డు కనిపిస్తోంది, తోక పొట్ట కిందికి ముడుచుకుపోయింది. ఆమె తాడు మెల్లగా లాగింది. నాలుగడుగులు పడ్డాయి, బల్ల ఊగింది, చుక్క పక్కకి దూకేసింది.

మూడోవారం కారు ఆగిన చోటే దిగనంది. షెడ్డు తలుపు కూడా చూడలేదు. అంతకు ముందు ఒక్క బల్లకే భయపడిన కుక్క ఇప్పుడు ఆ స్థలమంతటికీ భయపడింది. తల్లి చెయ్యి దగ్గరికొస్తే తల పక్కకి తిప్పేసుకుంది.

నేర్పే ఆవిడ వయసు మళ్లిన మనిషి. కుర్రాడు ఆమెని ఇంట్లో ‘టీచరమ్మ’ అనేవాడు, ఎదురుగా ఏమని పిలవాలో తెలియక ఊరుకునేవాడు. ఆమె వానలోనే బయటికొచ్చి, తల్లిని ఒక్క మాటా అనలేదు. చుక్క మెడలో తాడు విప్పించి, కారు వెనక డోరు తెరిచి, ఆ రోజు పాఠం అక్కడే పెట్టింది. కుక్క దిగుతానంటే దిగనివ్వాలి, దిగకపోతే అలాగే ఇంటికి తీసుకెళ్లాలి. ఆ రోజు చుక్క దిగలేదు. అలాగే ఇంటికెళ్లారు. ఫీజు కట్టిన ఆరువారాల్లో తక్కినవన్నీ కారు దగ్గరే గడిచిపోయాయి.

ఆ కారు పాఠాల్లో కుక్క నేర్చుకున్న దానికంటే కుర్రాడు నేర్చుకున్నదే ఎక్కువ. కుక్క ఊరికే ఆవలిస్తే నిద్రొచ్చి కాకపోవచ్చు. ఏమీ తినకుండా మూతి నాక్కుంటున్నా, పిలుస్తుంటే వినకుండా నేల వాసన చూస్తూ ఉండిపోయినా, ఒళ్లు తడవకుండానే విదిలించుకున్నా, అది ఇబ్బంది పడుతోందని అర్థం కావచ్చు. మొండితనమని మనం తిట్టేవాటిలో సగం ఇవే. కుర్రాడు ఇవన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాడు. బడిలో నోరు విప్పని పిల్లాడు చుక్క ఎప్పుడు ఎందుకు ఆవలించిందో తల్లికి గంటసేపు చెప్పేవాడు.

సీసా బల్ల సంగతి పెరట్లో మొదలైంది. ఓ పాత చెక్కపలక తెచ్చి గడ్డి మీద పరిచారు. అంతే, ఊగడం లేదు, చప్పుడు లేదు. దాని మీద చుక్క తనంతట తాను కాలు పెడితే ఉడికించిన కోడి ముక్క. ఉప్పు, ఉల్లిపాయ తగలని ముక్క. ఉల్లి కుక్కలకి విషమని ఆ ఇంట్లో అప్పుడే తెలిసింది, కూర వండే అలవాటే మార్చుకున్నారు. నాలుగు కాళ్లూ పలక మీద పెట్టి నిలబడటానికి చాలా రోజులు పట్టింది. తర్వాత పలక కింద నడిమిన సన్నటి కర్ర. వేలెడంత ఊగింది. చుక్క దిగిపోయింది. కుర్రాడు పిలవలేదు, పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి అదే మళ్లీ వచ్చింది.

అసలు చిట్కా ఆ తర్వాతిది. పలక ఒక కొసని నేలకి రెండంగుళాల ఎత్తులో ఉండేలా పెట్టి, కింద మెత్త వేశారు. ముందుకాళ్లతో ఆ కొసని నొక్కితే ‘తప్’ మని చిన్న చప్పుడు, వెంటనే కోడి ముక్క. నొక్కినప్పుడల్లా ముక్క. ఇంకొన్నాళ్లకి మెత్త తీసేశారు. ‘టక్’ మంది. చుక్క చెవులు రిక్కించి పలకని చూసింది, మళ్లీ నొక్కింది. ఎక్కడినుంచో వచ్చి మీదపడే చప్పుడు వేరు, తాను కావాలనుకున్నప్పుడు తన కాలితో తాను చేసే చప్పుడు వేరు. భయపడే కుక్కకి ఆ తేడాయే ముఖ్యం. ఈ పద్ధతి ఎజిలిటీ శిక్షకుల్లో చాలామందికి తెలిసిందే. తొందరపడేవాళ్లు దాన్ని దాటేస్తారు, అంతే.

ఆదివారాలు తెనాలి నుంచి అమ్మమ్మ వీడియో కాల్. పెరట్లో ఈ తతంగమంతా చూసి ఓరోజు కోప్పడింది.

“ఏరా, అది వద్దంటుంటే దాని ప్రాణం ఎందుకురా తీస్తారు?”

“వద్దంటే మానేస్తున్నాం అమ్మమ్మా. మళ్లీ రేపు అడుగుతున్నాం.”

“రేపూ వద్దంటే?”

“ఎల్లుండి అడుగుతాం.”

తల్లి పక్కనే బట్టలు మడతపెడుతూ ఆ మాట విన్నది. ఆ రోజు సాయంత్రం తను కూడా గడ్డిలో కూర్చుంది, కోడి ముక్కల గిన్నె ఒళ్లో పెట్టుకుని. చుక్క చాలాసేపు దూరంగానే తిరిగి, చివరికి ఆమె వేళ్ల దగ్గర ముక్క తీసుకుంది. ఎత్తి బల్ల మీద పెట్టిన ఆ చేతుల్ని కుక్క మళ్లీ నమ్మడానికి చలికాలం పోయి వేసవి రావాల్సి వచ్చింది.

హర్డిల్స్ మాత్రం చుక్కకి మొదటినుంచీ సరదాయే. అయినా టీచరమ్మ కర్రని నేల మీదే పెట్టించింది. పిల్లకుక్క ఎముకల చివర్లలో ఇంకా పెరిగే మెత్తటి భాగాలుంటాయి. అవి గట్టిపడటానికి ఏడాది పడుతుంది, పెద్ద ఒళ్లుండే జాతుల్లో ఇంకా ఎక్కువే. ఆలోగా ఎత్తులు దూకిస్తే కీళ్లు పాడవుతాయి. కెన్నెల్ క్లబ్ ఎజిలిటీ పోటీల్లోకి 18 నెలలు నిండని కుక్కని రానివ్వరు. కర్రల వరసలో మెలికలు తిరిగే విద్య కూడా నెమ్మదిగానే వచ్చింది. ముందు కర్రల్ని రెండు వరసలుగా దూరంగా పాతి మధ్యలో నేరుగా పరిగెత్తించారు. ఆ రెండు వరసల్నీ రోజురోజుకీ కాస్త కాస్త దగ్గరికి జరుపుతూ పోతే కుక్క ఒళ్లే మెలిక తిరగడం మొదలెడుతుంది. ఒక్క మాట చెప్పక్కర్లేదు.

మళ్లీ షెడ్డులోకి వెళ్లేటప్పటికి చుక్కకి రెండో చలికాలం వచ్చింది. తలుపు దగ్గర ఆగింది. కుర్రాడూ ఆగాడు. అదే ముందు లోపలికి వెళ్లింది.

పోటీ ఆ పై వేసవిలో. ఊరి బయట పెద్ద గడ్డిమైదానం, గుడారాలు, వందలకొద్దీ కుక్కలు. వీళ్లది ఒకటో గ్రేడు, 50 సెంటీమీటర్ల హర్డిల్స్. పొద్దున్నే కుర్రాడు తక్కినవాళ్లతో పాటు కుక్క లేకుండా కోర్సంతా నడిచాడు, చేతులతో గాల్లో మలుపులు గుర్తుపెట్టుకుంటూ. ఐదో అడ్డంకి సీసా బల్ల. తల్లి గుడారం తాడు పట్టుకుని నిలబడింది.

చుక్క తాడు విప్పారు. మూడు హర్డిల్స్ దాటింది, గొట్టంలో దూరి అవతల తేలింది. బల్ల ముందుకొచ్చి ఆగిపోయింది. జడ్జి చెయ్యెత్తాడు. నిరాకరణ, ఐదు ఫాల్టులు. ఇలాంటివి మూడైతే పోటీ నుంచి తీసేస్తారు. పక్క రింగ్‌లో ఇంకో బల్ల ‘ఢాం’ మంది. చుక్క చెవులు వెనక్కి వాలాయి.

కుర్రాడు అరవలేదు. ముందుకి వంగలేదు. చేతులు రెండూ కిందికి వదిలేసి, బల్ల పక్కన మామూలుగా నిలబడ్డాడు, పెరట్లో నిలబడ్డట్టే. గడియారం తిరుగుతోంది. చుక్క వాడి మొహం చూసింది, బల్ల చూసింది. ముందుకాలు పెట్టింది. ఎక్కింది. నడిమి దాటి, బల్ల వాలుతుంటే ఆగి, ఒంటి బరువంతా ముందుకి వేసి కొసని నేలకి దబ్బున కొట్టించింది. రంగు వేసిన చివరి మూడడుగుల్లో కాళ్లు మోపి, అప్పుడు దిగింది. మిగతా కోర్సంతా ఒక్క గుక్కలో పరిగెత్తింది.

ఐదు ఫాల్టులకి తోడు సమయం దాటినందుకు మరికొన్ని. రిబ్బన్ రాలేదు. కుర్రాడు రింగ్ బయటికొచ్చి, ముక్కుసూటిగా టీచరమ్మ దగ్గరికెళ్లి, అది ఎందుకు ఆగిందో, మళ్లీ ఎందుకు ఎక్కిందో ఆయాసపడుతూ చెప్పడం మొదలెట్టాడు. ఆ పిల్లాడు పరాయివాళ్ల ముందు ఆగకుండా అంతసేపు మాట్లాడటం తల్లి ఆ దేశం వచ్చాక మొదటిసారి వింది.

చుక్క ఇప్పటికీ పరిగెడుతోంది. కొన్నిసార్లు బల్ల ముందు ఆగుతుంది కూడా.

ఇదంతా జాతి కుక్కల వ్యవహారమనుకునే పాఠకులకి ఒక సంగతి. న్యూయార్క్ వెస్ట్‌మిన్‌స్టర్ డాగ్ షోలో 2014 నుంచి ఎజిలిటీ పోటీ జరుగుతోంది. 2024లో దాన్ని గెలిచిన నింబుల్ సంకరజాతి కుక్క. మన వీధుల్లో పుట్టిన కుక్కపిల్లలకి తెలివీ తక్కువ కాదు, ఒడుపూ తక్కువ కాదు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే నేల మీద ఓ చెక్కపలక పరచండి, పక్కన కూర్చోండి. దీపావళి చప్పుళ్లకి మంచం కింద దూరే కుక్కయితే ఈ ఆట పండక్కి కొన్ని నెలల ముందే మొదలెట్టండి. భయం మరీ ఎక్కువైతే పశువైద్యుడికి చూపించండి. ఏడాది నిండని కుక్కపిల్లని మెట్ల మీంచీ పిట్టగోడల మీంచీ దూకించకండి. అది వెనక్కి తగ్గిన రోజున మాత్రం దయచేసి తాడు లాగకండి. వదులు చేసి, ఆ పూటకి ఇంటికి తీసుకెళ్లండి.