అప్పుల ఆటలు

వీడియో గేమ్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది తుపాకులూ, కార్లూను. అప్పు తీర్చడమే కథగా నడిచే ఆటలు కూడా ఉన్నాయంటే, "పగలంతా ఈఎమ్ఐ కోసం చాకిరీ చేసి, రాత్రి మళ్ళీ అదే ఆడాలా?" అంటారు. నిజమే. కానీ ఈ ఆటలకి ఓ చిన్న చరిత్ర ఉంది, అందులో మనకి పనికొచ్చే సంగతులూ ఉన్నాయి.

2001 ఏప్రిల్‌లో నింటెండో జపాన్‌లో ఓ ఆట విడుదల చేసింది. మిగతా ప్రపంచానికి అది యానిమల్ క్రాసింగ్. దాని సృష్టికర్త కత్సుయా ఎగుచి ఉద్యోగం కోసం చిబా వదిలి క్యోటో వచ్చినవాడు. ఇంటివాళ్ళకి, స్నేహితులకి దూరమైన ఆ వెలితిలోంచే ఈ ఆట పుట్టిందని ఆయనే చెప్పాడు. ఆటలో మీరు కొత్త ఊళ్ళో దిగుతారు. ఇల్లు 19,800 బెల్స్, జేబులో ఉన్నది 1,000. మిగతాది టామ్ నుక్ అనే కొట్టు యజమానికి బాకీ. వడ్డీ లేదు, గడువూ లేదు! తీర్చేయగానే ఇల్లు పెంచి ఇంకో బాకీ నెత్తిన పెడతాడనుకోండి. నెట్లో జనం ఆయన్ని రక్తం తాగే వడ్డీ వ్యాపారిగా చిత్రించారు గానీ, నన్నడిగితే అది అన్యాయం. అంత మంచి బ్యాంకు మనకెక్కడ దొరుకుతుంది?

2007లో ఈజీగేమ్‌స్టేషన్ అనే చిన్న జపాన్ బృందం చేసిన రెసెటియర్‌లో మాత్రం గడువు ఉంది. సాహసాలు చేస్తానని అప్పు చేసి వెళ్ళిన తండ్రి తిరిగిరాడు. అప్పు కూతురి మీద పడుతుంది. మొదటి వారం 10,000 పిక్స్, ఐదో వారం 5,00,000, మొత్తం 8,20,000. వసూలుకి వచ్చిన పిల్లే ఆ ఇంట్లో ఉండిపోయి, కొట్టు నడపడం నేర్పుతుంది. కట్టలేకపోతే బతుకు అట్టపెట్టెలోకి. తమాషా ఏమిటంటే, కొనడానికొచ్చిన చిన్నపిల్లతో సైతం గీచి గీచి బేరమాడొచ్చు. కానీ మొదటి మాటకే ఒప్పుకునే ధర చెబితే వాళ్ళ అభిమానం పెరిగి, రాను రాను ఎక్కువ ఖర్చుపెడతారు. అంటే ఇక్కడ నిజాయితీ గిట్టుబాటవుతుంది.

మధ్యలో కార్ట్ లైఫ్ వచ్చింది. విడాకులయ్యాక కూతురిని తనతో ఉంచుకోవడానికి కాఫీ బండి పెట్టుకున్న తల్లి కథ అందులో ఒకటి.

ఇక 2013. లూకాస్ పోప్ అనే అమెరికన్, పెద్ద స్టూడియో ఉద్యోగం మానేసి, జపాన్‌లో ఉంటూ ఒక్కడే పేపర్స్, ప్లీజ్ తయారుచేశాడు. ప్రయాణాల్లో ఇమిగ్రేషన్ కౌంటర్లు చూసి పుట్టిన ఆలోచన. వీసా స్టాంపింగ్ కోసం గుండె చేత్తో పట్టుకుని నిలబడ్డ మనలాంటివాళ్ళకి ఇందులో దక్కే కుర్చీ అద్దానికి అటువైపుది. 1982, ఆర్స్‌టోట్జ్కా అనే కల్పిత దేశం. కాగితాలు సరిచూసి పంపిన ప్రతి మనిషికీ 5 క్రెడిట్లు. సాయంత్రం అద్దె, తిండి, ఇంట్లో వెచ్చదనం, జబ్బు చేస్తే మందులు. ఇంట్లో భార్య, కొడుకు, అత్తగారు, మావయ్య.

ఇందులో ఒక లెక్క నన్ను చాలా రోజులు వదల్లేదు. రోజుకి మొదటి రెండు తప్పులకి హెచ్చరికే, మూడోదాన్నుంచి జరిమానా. ఒకరోజు ఓ భర్త సరైన కాగితాలతో దాటి వెళుతూ, వెనకాల వస్తున్న నా భార్యని కాస్త చూడండి అంటాడు. ఆవిడ దగ్గర అనుమతిపత్రం ఉండదు. ఆ రెండు తప్పుల కోటా మిగిలుంటే జాలి ఉచితం. పొద్దున్నే ఆదమరుపులో వాడేసుకుంటే, అదే జాలి ఇంట్లో పిల్లాడి మందు డబ్బు. లంచం సంగతీ అంతే. ఎక్కువమందిని నిర్బంధిస్తే వాటా ఇస్తానంటాడు కాపలావాడు. ఒప్పుకునేటప్పుడు నేను చెడ్డవాణ్ణవుతున్నానని అనిపించదు. అద్దె పెరిగిందన్నదొక్కటే గుర్తుంటుంది. అందుకే నా దృష్టిలో అన్నిటికన్నా నిజాయితీ ఉన్న ఆట ఇదే.

ముగింపులు 20. చేతిలో డబ్బు సున్నా కిందికి దిగితే బాకీదారుగా అరెస్టు, అదొకటి. ఇంకోదాంట్లో కుటుంబంతో పొరుగుదేశం ఒబ్రిస్టాన్‌కి పారిపోవచ్చు. తలకొక ఒబ్రిస్టాన్ పాస్‌పోర్టు కావాలి, దొంగ కాగితాలు చేసేవాడికి డబ్బూ కావాలి. ఆ పాస్‌పోర్టులు మీ కిటికీ ముందుకొచ్చిన ప్రయాణికుల దగ్గర లాక్కోవాల్సినవే. సరిపోకపోతే ఎవరిని వదిలి వెళ్ళాలో ఆట మిమ్మల్నే అడుగుతుంది.