సెరిన్ తయారుచేసే ఎంజైమ్: లోపిస్తే పసిమెదడుకు, పెరిగితే రొమ్ముకు

దిల్‌సుఖ్‌నగర్ మందుల షాపులకు కీళ్లవాతం రోగులు తెచ్చే చీటీల్లో రెండు మందులు జంటగా కనిపిస్తుంటాయి: వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్, దానికి తోడు ఫోలిక్ యాసిడ్. రెండింటి వెనకా భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కృషి ఉంది. స్ప్రూ వ్యాధి ఆయన ఇద్దరు సోదరుల్ని బలిగొంది. వైద్యం చదివి, అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ పరిశోధనను నడిపించారాయన. అక్కడే తయారైన ఫోలిక్ యాసిడ్ విరోధి, మెథోట్రెక్సేట్‌కు దగ్గరి చుట్టమైన అమినోప్టెరిన్‌ను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

డీఎన్ఏ తయారీకి కావాల్సిన ఒక్కో కార్బన్‌ను మోసుకెళ్లడం ఫోలేట్ పని. ఆ కార్బన్‌లో చాలా భాగం సెరిన్ అనే అమైనో ఆమ్లం నుంచే వస్తుంది. మరి సెరిన్ ఎక్కణ్నుంచి వస్తుంది?

కొంత తిండి నుంచి, కొంత గ్లూకోజ్ నుంచి. కణంలో గ్లూకోజ్ విచ్ఛిన్నమయ్యేటప్పుడు పుట్టే 3-ఫాస్ఫోగ్లిసరేట్‌ను ఫాస్ఫోగ్లిసరేట్ డీహైడ్రోజనేజ్ అనే ఎంజైమ్ సెరిన్ దారికి మళ్లిస్తుంది. ఆ తర్వాత మరో రెండు ఎంజైమ్‌లు పని పూర్తిచేస్తాయి. రక్తంలోని సెరిన్ మెదడులోకి అంతంతమాత్రంగానే చేరుతుంది కాబట్టి మెదడు తన సెరిన్‌ను చాలావరకు తానే తయారుచేసుకోవాలి.

అందుకే ఈ ఎంజైమ్ లోపిస్తే ముందు దెబ్బతినేది మెదడే. పుట్టుకతోనే తల చిన్నగా ఉంటుంది, మూర్ఛలు వస్తాయి, ఎదుగుదల ఆగుతుంది. బెల్జియంలో యాకన్ బృందం 1996లో ఇద్దరు అన్నదమ్ముల్లో ఈ లోపాన్ని మొదట వర్ణించింది. వెన్నునీటిలో సెరిన్ తగ్గిందని తేలితే, నోటి ద్వారా సెరిన్ ఇచ్చి చాలామందిలో మూర్ఛలను అదుపు చేయవచ్చు. అప్పటికే దెబ్బతిన్న మెదడు మాత్రం పూర్తిగా కోలుకోదు. అయితే 2004లో వెలువడిన ఒక నివేదిక ఆశ పుట్టించింది: లోపం ఉందని గర్భంలోనే తెలిసిన బిడ్డకు తల్లి ద్వారా సెరిన్ అందించి, పుట్టాకా కొనసాగిస్తే ఆ పాప మామూలుగా ఎదిగింది. ఇంత సులువైన వైద్యం ఉన్న జన్యు లోపాలు అరుదు.

ఇదే ఎంజైమ్ అతిగా పెరిగితే కథ తిరగబడుతుంది. కొన్ని రొమ్ము కేన్సర్లలో, మెలనోమాల్లో దీని జన్యువు ప్రతులు పెరిగాయని 2011లో రెండు బృందాలు వేర్వేరుగా చూపాయి. ఆ కణితులు గ్లూకోజ్‌ను సెరిన్‌గా మార్చుకుని ఎదుగుతాయి. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, లక్డికాపూల్‌లో దిగి ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రికి వెళ్లే రోగులకు ఈ దారిని అడ్డుకునే మందు ఇంకా అందుబాటులో లేదు. ఫోలేట్ చక్రాన్ని దెబ్బతీసే మెథోట్రెక్సేట్ మాత్రం సుబ్బారావు తరం నుంచీ ఉంది.

పసిపిల్లల్లో సెరిన్ లోపానికి మాత్రం కొత్త మందు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు కలిస్తేనే ఈ జబ్బు వస్తుంది. మేనమామ, మేనబావ సంబంధాలు తెలుగునాట ఇంకా జరుగుతున్నాయి కాబట్టి ఆ అవకాశం పెరుగుతుంది. ఎల్బీనగర్ నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు మీద నాగోలు దాటితే ఉప్పల్‌లో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం (సీడీఎఫ్‌డీ) ఉంది. జన్యు నిర్ధారణ ఆ సంస్థ పనుల్లో ఒకటి. తల చిన్నగా ఉండి, కారణం తెలియని మూర్ఛలతో ఆసుపత్రికి వచ్చే ప్రతి పసిబిడ్డకూ మొదటి వారాల్లోనే సెరిన్ పరీక్ష రాయాలి.