అమ్మనివ్వకపోవడం వేరు, అమ్మకపోవడం వేరు

మద్యనిషేధం మీద వాదన ఎక్కడ మొదలైనా రెండో నిమిషానికల్లా అమెరికా వచ్చేస్తుంది. 1920లో నిషేధం పెట్టారు, దొంగసారా ఏరులై పారింది, అల్ కపోన్ లాంటివాళ్లు బాగుపడ్డారు, 1933లో ఎత్తేశారు. కాబట్టి నిషేధం ఎక్కడా పనిచెయ్యదు, కథ కంచికి. మా ఆఫీసులో టీ దగ్గర నేను కనీసం పదిసార్లు విన్న వాదన ఇది. తొలి ఏళ్లలో అమెరికాలో తాగుడూ, కాలేయ జబ్బులతో చావులూ నిజంగానే తగ్గాయన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

అది అలా ఉంచుదాం. నన్ను ఆశ్చర్యపరిచేది వేరే. ఈ విషయంలో మనకు చికాగో దాకా పోవాల్సిన పనేం లేదు. 1938 నుంచి ఇప్పటిదాకా తెలుగు నేల మీద నిషేధం పెట్టడం, ఎత్తడం, మళ్లీ పెడతామని మాట ఇవ్వడం జరుగుతూనే ఉంది. ఒక ప్రభుత్వం కూలిపోయింది, ఒక ప్రభుత్వం దాని మీదే గెలిచింది. ఇంత సొంత అనుభవం పెట్టుకుని అరువు ఉదాహరణలు ఎందుకు?

మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరులో సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. అంటే తెలుగువాళ్లలో దీన్ని మొదట చవిచూసింది రాయలసీమే. యుద్ధకాలంలో కొన్నాళ్లు ఆగినా, 1948 నాటికి ప్రెసిడెన్సీ మొత్తానికీ పాకింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే పాత్ర ఖజానా. ఆబ్కారీ ఆదాయం పోతే ఆ లోటు ఎలా పూడ్చాలి? అందుకోసం రాజాజీ 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. సారా డబ్బు వద్దనుకున్న ప్రభుత్వం జనం కొనే మిగతా సరుకుల మీద కొంత వేసుకుందన్నమాట. నిషేధానికి ఖర్చు ఉంటుందనీ, దాన్ని ఎవరో ఒకరు కట్టాలనీ ముందే లెక్క వేసుకున్నారు. ఆ నిజాయితీ మళ్లీ పెద్దగా కనపడదు. ఇవాళ మద్యం జీఎస్టీ బయట ఉంది. రాష్ట్రాలు దాని మీద ఎక్సైజుతో పాటు వ్యాట్ కూడా వేసుకుంటున్నాయి. మందు మానిపించడానికి పుట్టిన పన్ను చివరికి మందు దగ్గరే వచ్చి కూర్చుంది.

రెండో అంకం మాకు మరీ దగ్గర. మాది నంద్యాల, ఆళ్లగడ్డల వైపు కొత్తపల్లె. 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చినప్పుడు మా కర్నూలే రాజధాని. ఆఫీసులు గుడారాల్లో నడిచిన రోజులు. నిషేధం మీద వేసిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తెయ్యమని సిఫారసు చేసింది. గౌతు లచ్చన్న నాయకత్వంలో గీత కార్మికులు సత్యాగ్రహానికి దిగారు. వాళ్లడిగింది తాగే హక్కు కాదు, చెట్టెక్కి కల్లు గీసి బతికే హక్కు. ప్రకాశం పంతులు ప్రభుత్వం కదల్లేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి, ప్రభుత్వం పడిపోయింది. అంత దెబ్బ తిన్నా నిషేధం మాత్రం 1960ల చివరిదాకా చట్టంగా మిగిలింది.

ఆ మధ్యకాలం ఇంకా విడ్డూరం. 1956లో తెలంగాణ కలిసింది. నిజాం కాలం నుంచీ ఆబ్కారీయే అక్కడ పెద్ద ఆదాయం, నిషేధం లేదు. పెద్దమనుషుల ఒప్పందంలో దీనికోసం ప్రత్యేకంగా ఒక షరతు రాసుకున్నారు: తెలంగాణలో మద్యనిషేధం ఎలా అమలు చెయ్యాలో తెలంగాణ శాసనసభ్యులే నిర్ణయించుకోవాలి. కర్నూల్లో నిలబడి చూస్తే తుంగభద్రకు ఇవతల తాగితే నేరం, అవతల తాగితే రాష్ట్రానికి రాబడి. ఒకటే ముఖ్యమంత్రి, ఒకటే శాసనసభ, ఒక్క ఏరు అడ్డం.

ఇక్కడిదాకా చదివినవాళ్లకు నిషేధం అంటే పైనుంచి కిందికి దిగే వస్తువులా కనిపిస్తుంది. గాంధీగారి ఆదర్శం, మంత్రుల పట్టుదల, పోలీసు కేసులు. 1992లో ఇది తలకిందులైంది.

అంతకు ముందు ఏం జరిగిందో చూడాలి. నిషేధం ఎత్తేశాక ప్రభుత్వం సారా వేలంపాటల మీద బతకడం నేర్చుకుంది. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో సర్కారే సారా పంపిణీకి దిగింది. సారా ప్యాకెట్లలోకి మారింది. ప్యాకెట్ చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ అసలు మార్పంతా అక్కడే ఉంది. అంతకుముందు తాగాలంటే మనిషి దుకాణం దాకా నడవాలి. ప్యాకెట్ జేబులో పడుతుంది, సైకిలు మీద వస్తుంది, కూలి పంచే చోటికే వస్తుంది. 1970-71లో 39 కోట్లున్న ఎక్సైజు రాబడి 1991-92కు 812 కోట్లయింది. ధరల పెరుగుదల ఎంత తీసేసినా ఈ లెక్క మామూలుది కాదు. ఇదంతా జనం దాహం పెరిగి వచ్చింది కాదు. అమ్మేవాడు ఇంటి గడప దాకా రావడం వల్ల వచ్చింది.

నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు సారా మీద పాఠం చదివి, ఊళ్లో దుకాణం మూయించిన సంగతి అందరికీ తెలిసిందే. దూబగుంట రోశమ్మ పేరు అలాగే బయటికొచ్చింది. ఉద్యమం జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఈ ఉద్యమం గురించి రాసేటప్పుడు 'మద్యనిషేధ ఉద్యమం' అని అలవాటుగా రాసేస్తాం. నాకు ఆ మాట దగ్గరే పేచీ. ఆ ఆడవాళ్ల డిమాండ్లలో ముందున్నది మొగుళ్లను జైల్లో పెట్టమని కాదు. మా ఊళ్లో దుకాణం వద్దు, వేలం ఆపండి అన్నారు. వాళ్లు గొడవపడింది తాగేవాడితో కన్నా ఎక్కువగా అమ్మేవాడితో, ఆ అమ్మేవాడి వెనక నిలబడ్డ సర్కారుతో. 'నువ్వు మమ్మల్ని కాపాడు' అని అడగలేదు, 'నువ్వు చేస్తున్న పని మానెయ్' అన్నారు. ప్రభుత్వం జనాన్ని అమ్మనివ్వకపోవడం వేరు, తానే అమ్మకపోవడం వేరు. మొదటిదానికి పోలీసులు కావాలి. రెండోదానికి సర్కారు తన రాబడి వదులుకోవాలి.

మా అవ్వ ఏళ్లను అంకెలతో చెప్పదు. 'ప్యాకెట్లు పోయిన ఏడు', 'రామారావు మొత్తం బందు చేసిన ఏడు' అంటుంది. బందు వల్ల మంచి జరిగిందా అని ఒకసారి అడిగాను. "తాగేటోడు యాడైనా తాగుతాడు నాయనా. ఇంటి ముందర అంగడి ల్యాకుంటే కూలి దుడ్లు ఇంటిదాకా వస్తాయి, అంతే" అంది. అదే ముక్కను ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే, అవ్వ కోరింది సిస్టమ్ ఆపేయడం కాదు, రెండు పనుల మధ్య కాస్త ఆలస్యం పెట్టడం. కూలి చేతిలో పడే క్షణానికీ తాగే క్షణానికీ నడుమ ఒక మైలు దూరం. ఆ మైలు నడిచేలోగా కొన్ని రూపాయలు బియ్యంగా మారతాయి. సారా ఉద్యమం వెంటే అదే నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు పుట్టడం కాకతాళీయం అనుకోను. రోజుకో రూపాయి పక్కన పెట్టాలంటే ముందు ఆ రూపాయి ఇంటికి రావాలి కదా.

ఎన్టీఆర్ 1994 ఎన్నికల్లో సంపూర్ణ నిషేధం మాటిచ్చి 216 సీట్లు గెలిచారు. కాంగ్రెస్‌కు 26 మిగిలాయి. 1995 జనవరి 16న నిషేధం అమల్లోకొచ్చింది. అదే ఏడాది ఆయన పదవీ పోయింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది, సారా మీద తప్ప. ఈ రెండేళ్లనే మనవాళ్లు 'నిషేధం ఫెయిలైంది' అనడానికి రుజువుగా చూపిస్తారు. కర్ణాటక సరిహద్దు పొడుగునా, యానాం నుంచీ సరుకు వచ్చిన మాట నిజం. నల్లమల అంచుల్లో బెల్లం ఊట పెట్టి నాటుసారా కాచిన మాటా నిజం. అయితే ఓడిపోయింది ఏది? ఊళ్లో ఆడవాళ్లు కాపలా కాసిన సారా నిషేధం పేపర్ల మీదైనా నిలబడింది, ప్యాకెట్ మళ్లీ రాలేదు. పోలీసు శాఖకు అప్పగించిన సంపూర్ణ నిషేధం కూలింది. ఆడవాళ్లు నడిపినన్నాళ్లూ ఊరి పని. చట్టమయ్యాక ఎక్సైజు ఇన్‌స్పెక్టర్ పని, అంటే మామూళ్ల పని. దాన్ని మింగిన చివరి దెబ్బ మాత్రం ఖజానాదే. 1939లో రాజాజీ వేసుకున్న లెక్క ఈసారి ముందుగా ఎవరూ వేసుకోలేదు.

సారా నిషేధం గెలిచిందని సంబరపడ్డానికీ లేదు. ప్యాకెట్ వదిలిన ఖాళీలోకి చీప్ లిక్కర్ వచ్చింది, దాని వెంట బెల్టుషాపు వచ్చింది. మళ్లీ మందు ఇంటి గడప దాకా నడిచొచ్చింది. అవ్వ చెప్పిన మైలు దూరం మాయమైంది.

2019 తర్వాతిది మనందరి కళ్లముందు జరిగిందే. దశలవారీ నిషేధం అన్న ప్రభుత్వం దుకాణాలను తన చేతుల్లోకి తీసుకుంది, బెల్టుషాపుల మీద పడింది, ధరలు బాగా పెంచింది. బెల్టుషాపు తీసెయ్యడం అవ్వ లెక్కలో సరైన పనే. ధర పెంచడం మాత్రం అదే కూలి డబ్బులోంచి ఇంకాస్త లాక్కోవడం. 2020 జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. 2022లో రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ రాబోయే మద్యం రాబడిని చూపించి బాండ్ల మీద 8,000 కోట్లకు పైగా అప్పు తెచ్చింది. మానేస్తానన్న మనిషి వచ్చే పదేళ్ల తాగుడు మీద అప్పు చేసినట్టు. 2024 అక్టోబరులో కొత్త ప్రభుత్వం దుకాణాలను మళ్లీ ప్రైవేటుకిచ్చింది, 99 రూపాయల క్వార్టర్ తెచ్చింది. రెండు పార్టీల దారులు వేరు, సర్కారు చూపు మాత్రం అదే కౌంటర్ మీద.

మరి సర్కారు అమ్మని మత్తు సంగతేంటి? గంజాయి మీద 1985 నుంచి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. విశాఖ మన్యంలో వేల ఎకరాల తోటలు నరికి తగలబెట్టారు. అక్కడ దొరికిపోయేది ఎక్కువగా మూట మోసిన గిరిజన కుర్రాడు, దొరకనిది పెట్టుబడి పెట్టినవాడు. 2016 నుంచి సంపూర్ణ నిషేధంలో ఉన్న బీహార్‌లోనూ అదే తీరు. ఆ చట్టం వల్ల కోర్టులు బెయిలు పిటిషన్లతో నిండిపోయాయని, ముందుచూపు లేకుండా చేశారని జస్టిస్ ఎన్.వి. రమణ 2021లో విజయవాడ సభలో అన్నారు. చట్టం చిట్టచివరి మనిషి మెడకే చుట్టుకుంటే మత్తు తగ్గదు, జైలు నిండుతుంది. ఈ మాటలో నాకు అనుమానం లేదు.

అందుకే 'నిషేధం పనిచేస్తుందా' అన్న ప్రశ్న నాకు ఇంచుమించు పనికిరానిదిగా తోస్తుంది. అందులో రెండు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. తాగేవాణ్ని శిక్షించడం పనిచేస్తుందా? మన ఎనభై ఏళ్ల అనుభవం లేదనే అంటోంది. అమ్మేవాణ్ని ఇంటి ముందు నుంచి దూరం జరపడం పనిచేస్తుందా? జరిపినన్నాళ్లూ చేసిందనే అంటోంది. ఈ రెండో ప్రశ్న మనం అడగకపోవడానికి కారణం అమెరికా కథ మనకు బాగా నచ్చడమే. అక్కడ అమ్మేవాడు గ్యాంగ్‌స్టర్. ఇక్కడ అమ్మేవాడికి మనమే ఓటేస్తాం, వాడొచ్చిన డబ్బుతో మన రోడ్లే వేస్తాడు.

రోడ్లు ఊరికే పడవు, నిజమే. ఆ డబ్బు ఇంకెక్కణ్నుంచి రావాలి, ఎవరు కట్టాలి అన్నది న్యాయమైన చర్చ. 1939లో ఆ చర్చ జరిగింది. ఇప్పుడు జరగాల్సింది అదే. జరగనంతకాలం మన రోడ్ల ఖర్చు కొత్తపల్లె లాంటి ఊళ్లలో ఇంటికి చేరని కూలి డబ్బుల్లోంచి వస్తూనే ఉంటుంది.