డెంప్‌స్టర్ రహదారి: ధ్రువరేఖ దాటిన కంకర బాట

కెనడా వాయవ్య మూలన, అలాస్కా సరిహద్దుకు చేరువలో ఉన్న డాసన్ పట్టణానికి సుమారు 40 కిలోమీటర్ల తూర్పున క్లాండైక్ రహదారి నుంచి చీలి ఉత్తరానికి మళ్లే డెంప్‌స్టర్ రహదారి, యూకాన్, నార్త్‌వెస్ట్ టెరిటరీస్ అనే రెండు పాలనా ప్రాంతాలను దాటుకుంటూ దాదాపు 736 కిలోమీటర్లు సాగి, మెకెంజీ నది డెల్టా అంచున ఉన్న ఇనూవిక్ పట్టణాన్ని చేరుతుంది. ఇంచుమించు ఆద్యంతం కంకరతోనే పరచిన ఈ బాట, ఉత్తర ధ్రువరేఖను, అంటే నడి వేసవిలో సూర్యుడు అస్తమించని, నడి శీతకాలంలో ఉదయించని ప్రాంతానికి హద్దుగా గీసిన ఊహారేఖను, కెనడాలో దాటే ప్రధాన రహదారి. దీని చరిత్రను పోలీసుల సాహసంగానూ ఇంజనీర్ల ఘనతగానూ చెప్పడం పరిపాటి అయింది గాని, ఈ నేలను తరతరాలుగా ఎరిగిన మూలవాసులను పక్కన పెడితే ఆ సాహసమూ ఆ ఘనతా రెండూ అర్థం కావు.

ఆ మూలవాసులలో ముఖ్యులు గ్విచిన్ ప్రజలు. పీల్ నదీ తీరవాసులైన టెట్లిట్ గ్విచిన్లు, డాసన్ పరిసరాలలోని త్రొండెక్ హ్వెచిన్లు, వారి పొరుగు తెగలు ఓగిల్వీ, రిచర్డ్‌సన్ పర్వతాల మీదుగా వేటకూ వర్తకానికీ బంధువుల పలకరింపుకూ రాకపోకలు సాగించేవారు. వారి జీవనానికి ఆధారం క్యారిబూ, అనగా మందలుగా వలసపోయే ధ్రువప్రాంతపు దుప్పి. ఏ లోయలో మంచు తక్కువగా పడుతుందో, ఏ వాగు మీద గడ్డకట్టిన పొర బరువును ఓర్చుకుంటుందో, మంద ఏ కనుమ గుండా దిగుతుందో తెలిసి ఉండటమే అక్కడ బతకడానికి వలసిన విద్య. 1898 నాటి బంగారు వేటలో వేలాది మంది డాసన్‌కు ఎగబడినప్పుడు, పీల్ నది వైపు నుంచి ఈ పర్వతాలు దాటి మాంసం తెచ్చి ఆ పట్టణానికి అమ్మినవారు గ్విచిన్ వేటగాళ్లే. అందువల్ల డాసన్‌కూ పీల్ తీరాన హడ్సన్స్ బే కంపెనీ వర్తక స్థావరంగా వెలసిన ఫోర్ట్ మెక్‌ఫెర్సన్‌కూ నడుమ దారి, ప్రభుత్వ పటాల కెక్కక మునుపే వాడుకలో ఉన్న దారి.

రాయల్ నార్త్‌వెస్ట్ మౌంటెడ్ పోలీసు దళం 1904లో ఈ రెండు ఊళ్ల మధ్య శీతకాలపు గస్తీ మొదలుపెట్టింది. కుక్కలు లాగే మంచుబండ్ల మీద ఉత్తరాలనూ అధికార పత్రాలనూ మోసుకొని సుమారు 760 కిలోమీటర్లు సాగే ఆ ప్రయాణం సాధారణంగా డాసన్ నుంచే బయలుదేరేది. 1910లో మాత్రం ఇన్‌స్పెక్టర్ ఫ్రాన్సిస్ ఫిట్జ్‌జెరాల్డ్ ఆ క్రమాన్ని తిరగవేసి, మరుసటి ఏడు లండన్‌లో జరగనున్న అయిదవ జార్జి పట్టాభిషేకానికి హాజరు కావలసి ఉన్నందున, డిసెంబరు 21న ఫోర్ట్ మెక్‌ఫెర్సన్ నుంచి బయలుదేరాడు. వెంట కానిస్టేబుళ్లు కిన్నీ, టేలర్, మార్గదర్శిగా మాజీ కానిస్టేబుల్ కార్టర్, మూడు బండ్లు, 15 కుక్కలు. వేగం కోసం బరువు తగ్గించాలని తిండి సరుకులను మామూలు కంటె తక్కువగా తీసుకున్నారు. కార్టర్ ఆ దారిన నడిచింది అంతకు పూర్వం ఒక్కసారే, అదీ ఎదురు దిశలో. దారి మధ్యలో తటస్థపడిన ఈసా జార్జ్ అనే గ్విచిన్ వేటగాడిని కొద్ది రోజులు తోడు పెట్టుకొని, జనవరి 1న ఇక అవసరం లేదని కూలి చెల్లించి పంపివేశారు.

ఈ నిర్ణయమే వారి ప్రాణాలు తీసిందని చెప్పడం అతిశయోక్తి కాదు. పర్వతాలలోకి మలుపు తిరగవలసిన ఫారెస్ట్ క్రీక్ అనే వాగును కార్టర్ గుర్తుపట్టలేకపోయాడు. సున్నాకు దిగువన 50 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోతున్న చలిలో వారం రోజులకు పైగా వాగువాగునూ వెదికి, సరుకు అడుగంటిన తరువాత వెనుదిరిగి, కుక్కలను ఒక్కొక్కదాన్నే చంపి తింటూ వచ్చిన దారినే పట్టారు. నలుగురిలో ఎవరూ గమ్యం చేరలేదు. డాసన్‌లో ఆందోళన మొదలయ్యాక 1911 ఫిబ్రవరి 28న కార్పొరల్ విలియం డెంప్‌స్టర్ మరో ఇద్దరితోనూ చార్లీ స్టూవర్ట్ అనే గ్విచిన్ మార్గదర్శితోనూ వెదకడానికి బయలుదేరి, మార్చి మూడో వారం ముగిసే వేళకు మృతదేహాలను కనుగొన్నాడు. ఫిట్జ్‌జెరాల్డ్, కార్టర్ల దేహాలు ఫోర్ట్ మెక్‌ఫెర్సన్‌కు 40 కిలోమీటర్ల దూరంలోనే పడి ఉన్నాయి. ఆ తరువాత పోలీసు శాఖ దారి పొడవునా తిండి నిలవలు ఏర్పరచి, స్థానిక మార్గదర్శి లేకుండా గస్తీ కదలరాదని నియమం పెట్టింది. 1921లో గస్తీలే ఆగిపోయాయి. రహదారికి డెంప్‌స్టర్ పేరు దక్కింది. ఆయన సమర్థుడైన ప్రయాణికుడనడంలో సందేహం లేదు, కాని ఆయన్ను అంత త్వరగా అక్కడికి చేర్చిన చార్లీ స్టూవర్ట్ పేరు ఈ దారిన వెళ్లేవారిలో ఎక్కువ మంది విని ఉండరు.

రోడ్డు వేయాలన్న సంకల్పం మాత్రం వేరే కారణంతో పుట్టింది. 1958 ఎన్నికల వేళ ప్రధాని జాన్ డీఫెన్‌బేకర్, ఉత్తర ప్రాంతపు ఖనిజాలనూ చమురునూ వెలికి తీయడానికి ముందు దారులు ఉండాలంటూ ‘వనరులకు రహదారులు’ అనే పథకాన్ని ప్రజల ముందుంచి, అఖండ విజయం సాధించాడు. మెకెంజీ డెల్టాలోనూ ఈగిల్ ప్లెయిన్స్ పీఠభూమిలోనూ చమురు ఉందన్న ఆశతో 1959 జనవరిలో డాసన్ వైపు నుంచి పని మొదలైంది. ఈ పర్వతాలలో పుట్టి పెరిగిన త్రొండెక్ హ్వెచిన్ పెద్ద జో హెన్రీ, బాట ఎటు పోవాలో సర్వేయర్లకు దారి చూపించాడు. అర్ధశతాబ్ది కింద పోలీసులు తోసిపుచ్చిన జ్ఞానాన్ని ఇంజనీర్లు ఈసారి అడిగి తీసుకున్నారు. అయితే ఖర్చు పెరిగి, చమురు ఆశ సన్నగిల్లి, 1961 నాటికి సుమారు 115 కిలోమీటర్లు పూర్తికాగానే పని ఆగిపోయింది.

దాన్ని మళ్లీ కదిలించింది అలాస్కా. 1968లో అలాస్కా ఉత్తర తీరాన ప్రూడో బే వద్ద బృహత్తరమైన చమురు నిక్షేపం బయటపడటమూ, మరుసటి ఏడాది మన్‌హాటన్ అనే అమెరికన్ చమురు నౌక కెనడా దీవుల నడుమ సముద్రమార్గం గుండా సాగిపోవడమూ రాజధాని ఒట్టావాలోని పాలకులలో కలవరం రేపాయి. తన ఉత్తరపు నేల తనదేనని చాటుకోవడానికి కెనడాకు అక్కడొక దారి కావలసి వచ్చింది.

ఆ నేల మీద రోడ్డు వేయడం మామూలు విద్య కాదు. ఏళ్ల తరబడి కరగకుండా గడ్డకట్టి ఉండే భూమిని పర్మాఫ్రాస్ట్ అంటారు. దాని పైపొరలోని నాచును, మొక్కలను గీకివేస్తే వేసవి వేడి లోపలికి దిగి, మంచు కరిగి, నేల బురదై కుంగుతుంది. కనుక మిగతాచోట్ల చేసినట్లు మట్టి తవ్వి చదును చేయడం ఇక్కడ తగదు. సహజమైన పైపొరను కదపకుండా దాని మీదనే కంకరను కట్టలాగా పోయాలి. డెంప్‌స్టర్ మీద ఈ కట్ట 1.2 మీటర్ల నుంచి కొన్నిచోట్ల 2.4 మీటర్ల మందం దాకా ఉంటుంది, అది బరువు మోయడానికి ఎంత అవసరమో, కింది చలిని కాపాడటానికీ అంతే అవసరం. తారు వేయకపోవడానికి కారణం కూడా కొంత ఇదే: నేల కదిలినప్పుడల్లా తారు పగులుతుంది, కంకరను మాత్రం యంత్రంతో మళ్లీ సరిచేయవచ్చు. పదునైన కంకరరాళ్లకు టైర్లు కోసుకుపోతాయి గనుక ఈ దారిన పోయేవారు అదనపు చక్రాలు లేకుండా బయలుదేరరు.

ఓగిల్వీ, ఈగిల్ నదుల మీది పెద్ద వంతెనలను కెనడా సైన్యపు ఇంజనీర్లు నిర్మించారు. ఈగిల్ ప్లెయిన్స్ వద్ద, దాదాపు సగం దారిలో, ఒక వసతి గృహం, ఇంధన కేంద్రం వెలిశాయి. 405వ కిలోమీటరు దగ్గర ధ్రువరేఖ. 465వ కిలోమీటరు దగ్గర, బాటను నిర్ణయించిన ఇంజనీరు ఆల్ రైట్ పేరు పెట్టిన రైట్ కనుమలో రెండు ప్రాంతాల సరిహద్దు. ఆ వెనుక పీల్, మెకెంజీ అనే రెండు మహానదులు అడ్డుపడతాయి. వాటి మీద నేటికీ వంతెన లేదు. వేసవిలో వాహనాలను ఫెర్రీ దాటిస్తుంది, శీతకాలంలో గడ్డకట్టిన నది మీదనే నీళ్లు పోసి మందం పెంచిన మంచు బాట మీద లారీలు నడుస్తాయి. నది గడ్డకట్టే వారాలలోనూ కరిగే వారాలలోనూ ఏదీ కదలదు, అవతలి ఊళ్లకు రోడ్డు మీదుగా సరుకు అందదు. 1979 ఆగస్టు 18న రహదారి లాంఛనంగా ప్రారంభమైంది.

అప్పటికే దాని అసలు ఉద్దేశం చేజారిపోయింది. మెకెంజీ లోయ గుండా గ్యాస్ గొట్టపు మార్గం వేయవచ్చునా అని విచారించిన న్యాయమూర్తి థామస్ బెర్గర్, మూలవాసుల గ్రామాలకు స్వయంగా వెళ్లి వారి మాటలు విని, వారి భూమి హక్కులు తేలేదాకా పదేళ్లపాటు ఆ నిర్మాణం వద్దని 1977లో నివేదిక ఇచ్చాడు. ఒక మహా నిర్మాణాన్ని ఆపగల బరువు వేటగాళ్ల సాక్ష్యానికి ఉన్నదని ప్రభుత్వ విచారణ ఒప్పుకోవడం కెనడా చరిత్రలో గొప్ప సంఘటన. 1992లో గ్విచిన్లు తమ భూముల విషయమై కెనడా ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకున్నారు.

నేడు ఈ బాటకు ఎదురవుతున్న ప్రమాదం చమురు నుంచి కాదు, నేల నుంచే. పీల్ పీఠభూమిలో వేడికీ వానకూ పర్మాఫ్రాస్ట్ కరిగి కొండవాలులు పెళ్లలుగా విరిగి లోయలలోకి జారుతున్నాయి. అటువంటి జారుడులలో కొన్ని రహదారికి దగ్గరలోనే ఉన్నాయి. దారిని కాపాడటానికి వేసే కంకర దుమ్ముగా లేచి అంచులలో పడి అక్కడి మంచు ముందుగా కరగడానికి తోడ్పడుతుంది.

2017 నవంబరు 15న ఇనూవిక్ నుంచి ఆర్కిటిక్ మహాసముద్ర తీరాన ఉన్న టక్టోయక్టక్ గ్రామానికి సుమారు 138 కిలోమీటర్ల కొత్త కంకర రోడ్డు తెరుచుకోవడంతో, దక్షిణ కెనడా నుంచి ఆ సముద్రం దాకా, నదులు గడ్డకట్టే, కరిగే వారాలలో తప్ప, ఏడాది పొడవునా నిలిచి ఉండే బాట ఏర్పడింది. బాట సముద్రం దాకా సాగినా, డెల్టాలో గ్యాస్ మాత్రం నేల కిందనే ఉంది. ఇనూవిక్‌కు దగ్గరలోని ఇఖిల్ బావుల నుంచి పట్టణానికి కొన్నేళ్లు గ్యాస్ అందింది గాని, 2012 ప్రాంతంలో ఆ బావులలో నీరు చేరి సరఫరా క్షీణించింది. ఆనాటి నుంచి ఇనూవిక్ ఇళ్లను వెచ్చగా ఉంచే ఇంధనాన్ని, దక్షిణాన వేల కిలోమీటర్ల దూరం నుంచి, డెంప్‌స్టర్ రహదారి మీదుగానే లారీలలో తెస్తున్నారు.