హామీ సంతకం.. బెంజ్ సర్కిల్ నుంచి రిఫరల్ దాకా

ఆదివారం రాత్రి బెంజ్ సర్కిల్లో హైదరాబాద్ బస్సు కోసం నించున్న వాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. అక్కడ బస్సు కంటే ముందు చుట్టాలొస్తారు. మొన్న పండక్కి ఇంటికెళ్ళి తిరిగొస్తుంటే, ఎప్పుడో ఏదో పెళ్ళిలో చూసిన బాబాయి గారొకరు ఫ్లైఓవర్ కింద దొరికారు. కాదు, నేనే ఆయనకి దొరికా.

"ఏం బాబూ, బాగున్నావా? మీ కంపెనీలో మా వాణ్ణి పెట్టించకూడదూ? రెజ్యూమె వాట్సాప్‌లో పంపిస్తా. నువ్వో మాట చెబితే చాలు."

"అలాగే బాబాయ్ గారూ, పంపించండి" అనేసి బస్సెక్కా. ఎక్కానే గానీ నిద్ర పట్టలేదు. మాట చెప్పడం అంత తేలికా? మన కృష్ణా జిల్లాలో ఒకప్పుడు ఒకడి కోసం ఇంకొకడు మాట చెప్పడమంటే ఏంటో కాస్త చూద్దామనిపించింది. వెతుకుతూ పోతే వందేళ్ళు వెనక్కెళ్ళా. అదే ఈ టపా.

ముందు ఈ బెంజ్ సంగతి. ఇక్కడ బెంజి లారీల షోరూం ఉండేదని, అందుకే ఆ పేరొచ్చిందని బెజవాడలో చెప్పుకుంటారు. బెంజి అనగానే కార్లు ఊహించుకోకండి. 1954లో టాటా వాళ్ళ టెల్కో, జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని మన దేశంలో లారీలు తయారుచెయ్యడం మొదలుపెట్టింది. 1969లో ఒప్పందం ముగిసేదాకా టాటా లారీ ముందు ఆ మూడు కోణాల నక్షత్రమే ఉండేది. మద్రాసు-కలకత్తా రోడ్డూ, హైదరాబాద్-బందరు రోడ్డూ కలిసే చోటుకి లారీ బ్రాండు పేరు పడిందంటే, ఈ ఊరు దేని మీద బతికిందో వేరే చెప్పాలా? కాస్త అవతలే ఆటోనగర్.

లారీ అంటే ఇనుము ఒక్కటే కాదు, అప్పు కూడా. క్లీనరుగా చేరి, డ్రైవరై, కొన్నాళ్ళకి సొంత బండి కొనుక్కోవాలనుకున్న వాడి దగ్గర తాకట్టు పెట్టడానికి ఏముంటుంది? ఫైనాన్స్ ఇచ్చేవాడు అడిగే మొదటి ప్రశ్న "హామీ ఎవరు?" అనే. చీటీ పాడుకున్నా అంతే, డబ్బు చేతికి రావాలంటే హామీదారులు సంతకం పెట్టాలి. బెజవాడలో వ్యాపారం చేసే ఎవర్నైనా అడగండి, జీవితంలో ఒక్కసారైనా ఎవడికో హామీ ఉండే ఉంటాడు, అందులో ఒకసారైనా చెయ్యి కాల్చుకునే ఉంటాడు.

ఈ హామీ అలవాటు లారీలతో పుట్టలేదు. దీని వెనక పెద్ద కథే ఉంది.

1855 నాటికి కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. కాటన్ దొర పట్టుబట్టి సాధించిన పథకం, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. (ఇప్పటి ప్రకాశం బ్యారేజీ వేరు, అది 1957లో వచ్చింది.) నీళ్ళొచ్చాయి, వరి పండింది. పెట్టుబడి మాత్రం వడ్డీ వ్యాపారి దగ్గరే. పొలం ఉన్నవాడు పొలం తాకట్టు పెడతాడు. లేనివాడు?

మద్రాసు ప్రభుత్వం 1890లలో ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని యూరప్‌లో రైతులకి అప్పులు ఎలా ఇస్తున్నారో చూసి రమ్మంది. ఆయన జర్మనీలో రైఫైజన్ అనే ఆయన పెట్టించిన పల్లెటూరి పరపతి సంఘాలు చూసి, మనకి కావాల్సింది ఇదే అని రాశాడు. ఆ దారిలోనే 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. అందులో ఒక నిబంధన చూసి నాకు మతిపోయింది. పల్లెటూరి సంఘాల్లో సభ్యులది అపరిమిత బాధ్యత. అంటే సంఘం బాకీ పడితే, దానికి ప్రతి సభ్యుడూ తన సొంత ఆస్తితో సహా బాధ్యుడే.

ఒక్కసారి ఆలోచించండి. పక్కింటి సుబ్బయ్యని సంఘంలో చేర్చుకోవాలా వద్దా అని చెయ్యి ఎత్తేటప్పుడు, ఆ చేతిలో మీ పొలం కూడా ఉంది. సుబ్బయ్య తాగుతాడా, కోడి పందేలాడతాడా, పోయినేడు అప్పు తీర్చాడా.. ఇవన్నీ ఏ రికార్డులోనూ ఉండవు, ఊరికే తెలుసు. ఆ ఊరి జ్ఞానాన్నే పూచీకత్తుగా మార్చింది ఆ చట్టం.

మన భాషలో చెప్పాలంటే ఇది సర్టిఫికెట్ చెయిన్. రైతు మీద సంఘం సంతకం. సంఘాలకి డబ్బివ్వడానికి పైన జిల్లా సెంట్రల్ బ్యాంకు. పట్నంలో ప్లీడరు గారు డిపాజిట్ చేసేది ఆ సెంట్రల్ బ్యాంకుని నమ్మి. ఆయనకి సుబ్బయ్య ఎవడో తెలీదు, తెలియక్కర్లేదు.

బందరులో 1915లో కృష్ణా కోఆపరేటివ్ సెంట్రల్ బ్యాంకు పెట్టినాయన ఒక డాక్టరు, భోగరాజు పట్టాభి సీతారామయ్య. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ బోస్ చేతిలో ఓడిపోయిన మనిషిగానే మనలో చాలామందికి ఆయన గుర్తు. పాపం. ఆయన బ్యాంకు పెట్టే నాటికే ఒక పెద్ద దెబ్బ తగిలి ఉంది. 1906లో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ కుప్పకూలింది. దొరల కంపెనీ కదా, గట్టిదని నమ్మి డబ్బు దాచుకున్న వాళ్ళెందరో మునిగిపోయారు. ఆ దెబ్బకే మరుసటేడు ఇండియన్ బ్యాంకు పుట్టింది. మన డబ్బు మనకి తెలిసిన మనుషుల దగ్గర ఉండాలనే ఆలోచన బలపడిన కాలం అది.

1923 నవంబర్ 28న బందరులో ఆంధ్రా బ్యాంకు తలుపులు తెరిచింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. తర్వాత 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు.. పట్టాభి ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటూ పోయారు. ఆయనేమీ జమీందారు కాదు. ఆయన పెట్టిన అసలు పెట్టుబడి నలుగురిలో ఉన్న పేరు. ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పేరు పోయినా మా అమ్మ ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకనే అంటుంది.

మా తాతయ్యది ఉయ్యూరు దగ్గర ఊరు. ఒకాయన సొసైటీ లోనుకి తాతయ్య హామీ సంతకం పెట్టాడట. పంట పోయింది, ఆయన చేతులెత్తేశాడు. రెండు పంటల డబ్బు తాతయ్యే కట్టాడు. నాయనమ్మ ఆ సంగతి చచ్చేదాకా దెప్పుతూనే ఉండేది. అవతలాయన డబ్బు పూర్తిగా తిరిగివ్వలేకపోయాడు గానీ, ప్రతి ఏడూ మినుములు కొట్టగానే ఒక బస్తా మా ఇంటికొచ్చేది. ఆయన పోయాక ఆయన కొడుకు కూడా పంపాడు. చిన్నప్పుడు నాకు అవి మినుములే. అవి వడ్డీయో కృతజ్ఞతో ఇప్పుడు కూడా తేల్చి చెప్పలేను.

కృతజ్ఞత అంటే ఇదే జిల్లాలో ఇంకో కథ ఉంది, అందరికీ తెలిసిన మనుషులదే.

రామాపురం అనే చిన్న ఊళ్ళో పుట్టి, పెద్దగా చదువుకోకుండా, నాటకాల్లో ఆడవేషాలు వేసే కుర్రాడొకడు. అతన్ని నాటక బృందంలో నిలబెట్టినాయన దుక్కిపాటి మధుసూదనరావు. ఒకరోజు బెజవాడ రైల్వే స్టేషన్లో ఆ కుర్రాణ్ణి నిర్మాత ఘంటసాల బలరామయ్య చూశారు. 1944లో వచ్చిన 'శ్రీ సీతారామ జననం'లో రాముడి వేషం ఇచ్చారు. ఆ కుర్రాడు అక్కినేని నాగేశ్వరరావు.

స్టేషన్లో కనపడటం అదృష్టం అనుకుందాం. నాకు నచ్చింది ఆ తర్వాత జరిగింది. 1951లో అన్నపూర్ణా పిక్చర్స్ పెట్టినప్పుడు అక్కినేని చైర్మన్, దుక్కిపాటి మేనేజింగ్ డైరెక్టర్. పైకి తెచ్చిన వాడూ, పైకి వచ్చిన వాడూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. సంస్థకి పెట్టిన పేరు దుక్కిపాటిని పెంచిన సవతి తల్లి అన్నపూర్ణమ్మది. మొదటి సినిమా కె.వి.రెడ్డి గారే తియ్యాలని కూర్చుని, ఆయన ఖాళీ అయ్యేదాకా ఆగి, 1955లో 'దొంగరాముడు' తీశారు. హీరో చేతిలో ఉన్నా నాలుగేళ్ళు ఆగడం మాటలు కాదు.

ఆ ఋణం అక్కడే ఆగలేదు. గొల్లపూడి మారుతీరావు సినిమా రచయితగా అడుగుపెట్టింది ఆ సంస్థ తీసిన 'డాక్టర్ చక్రవర్తి' (1964)తో. కె.విశ్వనాథ్ మొదటిసారి దర్శకుడైంది 'ఆత్మ గౌరవం'తో. ఇక తను చదువుకోలేకపోయిన అక్కినేని గుడివాడ కాలేజీకి లక్ష రూపాయల విరాళం ఇచ్చారు. ఆ కాలేజీ ఇప్పుడు ఆయన పేరు మీదే ఉంది. సాయం చేసిన వాడికి తిరిగివ్వడం ఒక పద్ధతి, వెనకొచ్చే వాడికి ఇవ్వడం ఇంకో పద్ధతి. వీళ్ళు రెండూ చేశారు.

ఇక్కడితో ఆపేస్తే "మా కృష్ణా జిల్లా గొప్ప" టపా అయిపోతుంది. కానీ ఆపకూడదు.

కెరోల్ ఉపాధ్యా అనే పరిశోధకురాలు 1988లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో కోస్తా ఆంధ్ర రైతు-పెట్టుబడిదారుల మీద ఒక వ్యాసం రాశారు. పొలంలో మిగిలిన డబ్బు పట్నంలో వ్యాపారాలుగా మారడంలో బంధుత్వం, కులం ఎంత పనిచేశాయో అందులో కనిపిస్తుంది. తమాషా ఏంటంటే, తర్వాత ఆవిడే ఎ.ఆర్.వాసవితో కలిసి బెంగళూరు ఐటీ ఉద్యోగుల మీద అధ్యయనం చేసి 2006లో రిపోర్టు ఇచ్చారు. అక్కడ తేలింది కూడా ఎక్కువమంది పట్నం వాళ్ళు, మధ్యతరగతి, పై కులాల వాళ్ళనే. పొలం గట్టు నుంచి క్యూబికల్ దాకా అదే వరస.

హామీ సంతకానికి ఉన్న చీకటి వైపు ఇదే. సంతకం పెట్టే చుట్టం ఉన్నవాడికి దారి దొరుకుతుంది. కాలవ చివర కూలి చేసుకునే వాడి కొడుక్కి, మనకంటే బాగా కోడ్ రాసేవాడైనా, బెంజ్ సర్కిల్లో పట్టుకోవడానికి బాబాయి లేడు. గ్రానోవెటర్ అనే అమెరికా సోషియాలజిస్టు 1973లోనే చెప్పాడు, కొత్త అవకాశాల కబురు ఎక్కువగా దగ్గరి వాళ్ళ నుంచి కాదు, ముఖపరిచయం ఉన్న వాళ్ళ నుంచి వస్తుందని. అంటే మన నలుగురిలోనే తిరిగితే మనకీ నష్టమే.

ఇక నా సంగతి. రెండేళ్ళ కిందట చుట్టాలబ్బాయిని కనీసం ఫోన్లో కూడా మాట్లాడకుండా రిఫర్ చేశా. ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టాడు, వెరిఫికేషన్లో దొరికిపోయాడు. నన్నెవరూ ఏమీ అనలేదు. కాకపోతే ఆ తర్వాత నేను పంపిన ఇద్దరు మంచి కుర్రాళ్ళ రెజ్యూమెలని ఎవరూ తెరిచి కూడా చూడలేదు. తాతయ్య చెయ్యి కాలితే తాతయ్యే కట్టాడు. నా చెయ్యి కాలితే ఆ ఇద్దరూ కట్టారు.

అందుకని బాబాయి గారబ్బాయికి నేనే ఫోన్ చేశా. గంటసేపు మాట్లాడా. ప్రాజెక్టు నిజంగా తనే చేశాడు, ఎస్‌క్యూఎల్ మాత్రం రాదు. "నెల రోజులు కూర్చుని నేర్చుకో, మళ్ళీ మాట్లాడదాం, అప్పుడు నీ గురించి నాకు తెలిసిందే రాసి పంపిస్తా" అన్నా. బాబాయి గారికి కోపమొచ్చిందని అమ్మ ద్వారా తెలిసింది. మా కాలేజీలో జూనియర్ ఒకమ్మాయి, లెక్చరర్ తప్ప ఎవరూ తెలియని పిల్ల, ఆమె ప్రోగ్రాములు కూడా తెప్పించుకుని చూశా. బాగున్నాయి. ఆమెని మాత్రం నా పేరు పెట్టి పంపించా.

ఇంకో పని కూడా చేశా. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నప్పుడు నా రెజ్యూమె తీసుకెళ్ళి మేనేజర్ బల్ల మీద పెట్టిన సీనియర్ ఒకడున్నాడు. ఉద్యోగం వచ్చిన రోజు థాంక్స్ అని మెసేజ్ పెట్టా, అంతే. ఇన్నేళ్ళకి ఫోన్ చేసి, "అన్నా, ఆ రోజు నువ్వు నాకోసం ఏం చెప్పావు?" అని అడిగా.

"గుర్తు లేదురా. బాగా చేస్తాడు, చెయ్యకపోతే నేను చూసుకుంటా అని చెప్పుంటాను" అన్నాడు.

నాకోసం హామీ సంతకం పడిందని ఇన్నాళ్ళూ నాకే తెలీదు.