సమీక్షలు పైన.. అసమ్మతి కింద: సిక్కోలు, విజయనగరం పార్టీల్లో ఏడు దశాబ్దాల ఆనవాయితీ

శ్రీకాకుళం/విజయనగరం: రాజకీయ పార్టీల్లో సమీక్షా సమావేశాలు రెండు సందర్భాల్లో ముమ్మరమవుతాయి. ఎన్నికలకు ముందు అభ్యర్థుల వడపోత కోసం, ఎన్నికల అనంతరం ఓటమికి కారకులను తేల్చడం కోసం. పేరు ఏదైనా తంతు ఒక్కటే. రాష్ట్ర కార్యాలయం నుంచి పరిశీలకుడు వస్తారు. కల్యాణ మండపంలో మండలాల వారీగా కార్యకర్తలను పిలుస్తారు. వేదికపై నేతలు ఐక్యతారాగం ఆలపిస్తారు. అసలు మాట మాత్రం సభ ముగిశాక, పరిశీలకుడు బస చేసిన అతిథిగృహం వరండాలో వినిపిస్తుంది. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రాజకీయ చరిత్రను తిరగేస్తే ఈ వరండా మాటలే పలుమార్లు ఫలితాలను తారుమారు చేసిన వైనం కనిపిస్తుంది.

అసమ్మతి ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1951లో ఆంధ్ర ప్రదేశ్ కాంగ్రెస్ కమిటీ అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డి చేతిలో ఆచార్య ఎన్.జి.రంగా ఓడిపోయారు. ఆ పిమ్మట రంగా కాంగ్రెస్‌ను వీడి కృషికార్ లోక్ పార్టీని నెలకొల్పగా, సోంపేట ప్రాంతానికి చెందిన సర్దార్ గౌతు లచ్చన్న ఆయన వెంట నడిచారు. తరువాతి కాలంలో ఇద్దరూ స్వతంత్ర పార్టీలో పనిచేశారు. గుంటూరు జిల్లాకు చెందిన రంగాను 1967లో శ్రీకాకుళం ఓటర్లు లోక్‌సభకు పంపడం వెనుక లచ్చన్న పలుకుబడి ఉందన్నది పాతతరం మాట. పార్టీ అంతర్గత ఎన్నికలో ఓడినవారికి ఈ గడ్డ ఆశ్రయమిచ్చిన తొలి ఉదంతాల్లో ఇదొకటి.

వామపక్షాల్లో వచ్చిన చీలిక మరింత తీవ్రమైనది. 1964లో ఉమ్మడి కమ్యూనిస్టు పార్టీ రెండుగా విడిపోయింది. సీపీఎం తన విధానాన్ని చర్చించేందుకు 1968లో బర్ద్వాన్‌లో ప్లీనం నిర్వహించింది. నాయకత్వ పంథాతో విభేదించిన శ్రీకాకుళం శ్రేణులు ఏజెన్సీలో సాయుధ పోరాటం వైపు మళ్లాయి. 1970 జులైలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం మరణించారు. పార్టీలో భిన్నాభిప్రాయం ప్రాణాల మీదకు వచ్చిన ఆ అధ్యాయాన్ని టిక్కెట్ల గొడవలతో పోల్చడం భావ్యం కాదు. ఇక్కడ ప్రస్తావించి వదిలేయడమే సముచితం.

తెదేపా రాకతో మారిన తీరు

1982లో తెలుగుదేశం ఆవిర్భావంతో రెండు జిల్లాల్లోనూ కొత్త తరం నాయకత్వం తెరపైకి వచ్చింది. వారిలో కింజరాపు ఎర్రన్నాయుడు 1983, 1985లలో హరిశ్చంద్రపురం నుంచి తెదేపా తరఫున గెలుపొందారు. 1989లో మాత్రం స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసి నెగ్గారు. 1994లో మళ్లీ తెదేపా అభ్యర్థిగానే విజయం సాధించారు. అనంతరం కేంద్ర మంత్రి అయ్యారు. పార్టీ గుర్తు లేకుండా గెలిచినవారు తిరిగి అదే పార్టీలో అగ్రస్థానానికి చేరవచ్చని ఆ ఉదంతం చాటింది. నాటి నుంచి టిక్కెట్ దక్కని ప్రతి ఆశావహుడూ ఎర్రన్నాయుడి పేరు తలచుకోవడం పరిపాటి అయింది. ఎర్రన్నాయుడికి ఉన్నంత సొంత బలం తమకు ఉందా అని ఆలోచించినవారు తక్కువ.

విజయనగరంలో 2004 ఎన్నిక మరో మలుపు. కాంగ్రెస్ నేపథ్యం ఉన్న కోలగట్ల వీరభద్రస్వామి స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగి, 1978 నుంచి వరుసగా గెలుస్తూ వచ్చిన పూసపాటి అశోక్‌గజపతిరాజును ఓడించారు. 2009లో ఆయన కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేయగా అశోక్ నెగ్గారు. తిరుగుబాటుదారుగా ఒకసారి వచ్చే సానుభూతి రెండోసారి రాదని నాటి ఫలితం చెబుతోంది.

2008లో చిరంజీవి ప్రజారాజ్యం స్థాపించినప్పుడు తెదేపాలోని అసంతృప్తులకు తలుపు తెరిచినట్లయింది. కిమిడి కళా వెంకటరావు, తమ్మినేని సీతారాం వంటి సీనియర్లు అటు వెళ్లారు. 2009లో ఎచ్చెర్లలో కళా, ఆమదాలవలసలో తమ్మినేని పరాజయం పాలయ్యారు. వారు వీడిన పార్టీకీ మేలు జరగలేదు. శ్రీకాకుళం జిల్లాలోని 10 స్థానాల్లో కాంగ్రెస్ 9 గెలుచుకోగా తెదేపాకు ఇచ్ఛాపురం ఒక్కటే మిగిలింది. ఎర్రన్నాయుడు సైతం లోక్‌సభకు కిల్లి కృపారాణి చేతిలో ఓడారు. ఆ తరువాత కళా తిరిగి తెదేపాలో చేరి రాష్ట్ర అధ్యక్షుడయ్యారు. తమ్మినేని వైకాపాలో చేరి 2019లో శాసనసభాపతి అయ్యారు. నేతలిద్దరికీ దారి దొరికింది. వారి వెంట వెళ్లిన మండల స్థాయి నాయకులు ఊళ్లలో పాత వర్గంతో పడిన తంటాలు ఏ సమీక్షా నివేదికలోనూ నమోదు కాలేదు.

ఒకే ఇంట రెండు పార్టీలు

వైఎస్ రాజశేఖరరెడ్డి మరణానంతరం కాంగ్రెస్‌లో వచ్చిన చీలిక నరసన్నపేటలో ఒక కుటుంబాన్నే రెండుగా నిలిపింది. కాంగ్రెస్ శాసనసభ్యుడు ధర్మాన కృష్ణదాస్ 2011 డిసెంబరులో అవిశ్వాస తీర్మానంపై పార్టీ విప్‌ను ధిక్కరించి అనర్హతకు గురయ్యారు. 2012 జూన్ ఉప ఎన్నికలో ఆయన వైకాపా అభ్యర్థి. కాంగ్రెస్ అభ్యర్థి ఆయన సోదరుడు రామదాస్. మరో సోదరుడు ప్రసాదరావు కాంగ్రెస్ ప్రభుత్వంలోనే ఉన్నారు. కృష్ణదాస్ గెలిచారు. తదనంతరం ప్రసాదరావూ వైకాపా గూటికే చేరారు. అన్నదమ్ముల మధ్య రాజీ కుదిరినంత సులువుగా, వారి కోసం ఎదురెదురుగా జెండాలు పట్టిన ఊళ్లలో రాజీ కుదరదు. ఈ విలేకరి ఎరిగిన గ్రామాల్లో ఎన్నికల నాటి పంతాల వల్ల పెళ్లి పిలుపులు ఆగిపోయిన ఇళ్లు నేటికీ ఉన్నాయి.

2024: బుజ్జగింపుల పర్వం

2019లో విజయనగరం జిల్లాలోని 9 స్థానాలూ, శ్రీకాకుళంలోని 10కి 8 స్థానాలూ వైకాపా పరమయ్యాయి. 2022 మే నుంచి ఆ పార్టీ ‘గడప గడపకు మన ప్రభుత్వం’ పేరిట శాసనసభ్యులను ఇంటింటికీ పంపి, వారి పనితీరుపై అధినేత స్థాయిలో సమీక్షలు జరిపింది. 2023 డిసెంబరు నుంచి రాష్ట్రవ్యాప్తంగా సమన్వయకర్తల మార్పులు చేపట్టింది. అయినా ఆమదాలవలసలో తమ్మినేనిపై అసమ్మతి చల్లారలేదు. అదే పార్టీకి చెందిన సువ్వారి గాంధీ స్వతంత్రుడిగా పోటీకి దిగారు. అక్కడ తెదేపా అభ్యర్థి కూన రవికుమార్ నెగ్గారు.

తెదేపా కూటమిలోనూ సర్దుబాట్లు తేలిగ్గా సాగలేదు. శ్రీకాకుళంలో మాజీ ఎమ్మెల్యే గుండ లక్ష్మీదేవిని కాదని గొండు శంకర్‌కు అవకాశమివ్వగా గుండ అనుచరులు నిరసనలకు దిగారు. పాతపట్నంలో మామిడి గోవిందరావుకు టిక్కెట్ దక్కగా, కలమట వెంకటరమణకు జిల్లా పార్టీ అధ్యక్ష పదవి అప్పగించి సముదాయించారు. నెల్లిమర్ల జనసేనకు వెళ్లడంతో నియోజకవర్గ బాధ్యతలు చూసిన కర్రోతు బంగార్రాజు పోటీకి దూరమయ్యారు. ప్రభుత్వం వచ్చాక ఆయనకు మార్క్‌ఫెడ్ ఛైర్మన్ పదవి లభించింది. పాలకొండ జనసేనకు కేటాయించినప్పుడు తెదేపా నుంచి నిమ్మక జయకృష్ణ ఏకంగా జనసేన కండువా కప్పుకొని పోటీచేసి గెలిచారు. విజయనగరంలో మాత్రం బుజ్జగింపులు ఫలించలేదు. 2014లో తెదేపా ఎమ్మెల్యేగా నెగ్గిన మీసాల గీత, 2019లోనూ 2024లోనూ టిక్కెట్ అదితి గజపతిరాజుకే దక్కడంతో స్వతంత్ర అభ్యర్థిగా బరిలో నిలిచారు. ఆమెకు గాజు గ్లాసు గుర్తు రావడం కూటమి నేతలను కలవరపరచింది. జనసేన గుర్తూ అదే కావడం అందుకు కారణం. ఫలితంలో అది ప్రభావం చూపలేదు. ఉమ్మడి జిల్లాల్లోని 19 స్థానాలూ కూటమికే దక్కాయి.

ఇంత అసమ్మతి ఉన్నా ఒకే పక్షం ఊడ్చిపెట్టడాన్ని బట్టి ఒక విషయం తెలుస్తోంది. గాలి బలంగా వీచిన ఏడాది తిరుగుబాటు కొట్టుకుపోతుంది. పోటీ హోరాహోరీగా ఉన్న ఏడాది అదే తిరుగుబాటు అభ్యర్థిని ముంచుతుంది. ఇది ముందుగా తెలియదు కనుకనే నామినేషన్ల ఉపసంహరణ గడువు రోజు మధ్యాహ్నం 3 గంటల వరకు దూతలు తిరుగుతూనే ఉంటారు.

చట్టం ఎవరికి, ఎంతవరకు?

పార్టీ గుర్తు ఎవరిదో తేల్చేది బీ-ఫారమే. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా అది రిటర్నింగ్ అధికారికి చేరాలి. ఆ తరువాత ఎంత సీనియర్ అయినా స్వతంత్రుడే. ఫిరాయింపుల నిరోధానికి 1985లో తెచ్చిన పదో షెడ్యూలు చట్టసభల సభ్యులకే వర్తిస్తుంది. మూడో వంతు సభ్యులు విడిపోతే చీలికగా గుర్తించే వెసులుబాటును 2003లో తొలగించారు. ఎంపీటీసీ, జడ్పీటీసీలకు ఎంపీపీ, జడ్పీ ఛైర్మన్ ఎన్నికల్లో విప్ ఉంటుంది. సర్పంచి ఎన్నిక పార్టీరహితం కనుక వారికి అదీ లేదు.

ఈ చట్టం అమలు ఎంత చిక్కో విజయనగరం స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఇందుకూరి రఘురాజు ఉదంతం తెలియజేస్తుంది. పార్టీ వ్యతిరేక కార్యకలాపాల ఆరోపణపై వైకాపా ఫిర్యాదు చేయగా 2024 జూన్‌లో మండలి ఛైర్మన్ ఆయనపై అనర్హత వేటు వేశారు. ఉప ఎన్నిక ప్రకటన వెలువడింది. శంబంగి వెంకట చినఅప్పలనాయుడు పేరును వైకాపా ఖరారు చేసింది. ఇంతలో, వివరణకు తగిన అవకాశం ఇవ్వలేదంటూ నవంబరులో హైకోర్టు ఆ వేటును రద్దు చేసింది. ఎన్నిక ప్రక్రియ నిలిచిపోయింది.

ఓటమి అనంతరం వైకాపా 2025లో ఆమదాలవలస సమన్వయకర్తగా చింతాడ రవికుమార్‌ను నియమించి, తమ్మినేనికి పార్లమెంటు నియోజకవర్గ బాధ్యతలు అప్పగించింది. టెక్కలికి చెందిన ఎమ్మెల్సీ దువ్వాడ శ్రీనివాస్‌ను అదే ఏడాది ఏప్రిల్‌లో సస్పెండ్ చేసింది. ఇటువంటి నిర్ణయం వెలువడిన మరునాడే మండల కమిటీలు మారతాయి. ఫ్లెక్సీల్లో బొమ్మలు మారతాయి. పాత ఇన్‌ఛార్జి మాట నమ్మి సొంత డబ్బుతో పంచాయతీ పనులు చేపట్టి బిల్లుల కోసం ఎదురుచూస్తున్న గ్రామ నాయకుడు మాత్రం కొత్త ఇన్‌ఛార్జి ఇంటి దారి వెతుక్కోవలసి ఉంటుంది.