చప్పిడి మూతి కుక్కపిల్లల్లో పుట్టుక లోపాలు

బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, పగ్, బోస్టన్ టెరియర్ వంటి చప్పిడి మూతి జాతుల కూనల్లో తల్లి కడుపులోనే ఏర్పడే లోపాలు. అంగిలి చీలిక, గ్రహణం మొర్రి, తలలో నీరు చేరడం, వెన్నుపూసలు సగమే ఎదగడం, శ్వాసనాళం ఇరుకుగా ఉండడం వీటిలో ముఖ్యమైనవి. వీటి చరిత్ర పశువైద్యశాలలో కాదు, కుక్కల పోటీల బరిలో మొదలైంది.

కట్టేసిన ఎద్దు మీదికి కుక్కల్ని ఉసిగొల్పే వినోదాన్ని బ్రిటన్ 1835లో నిషేధించింది. పని పోయిన బుల్‌డాగ్ ప్రదర్శన జంతువైంది. 1873లో కెన్నెల్ క్లబ్, 1875లో బుల్‌డాగ్ క్లబ్ వెలిశాయి. పెద్ద తల, పొట్టి మూతి, మెలి తోక అందానికి కొలతలయ్యాయి. 1817 నాటి ‘క్రిబ్ అండ్ రోజా’ చిత్రంలోని బుల్‌డాగ్‌లకు మూతి స్పష్టంగా ముందుకు ఉంటుంది; నేటి బుల్‌డాగ్‌ను వాటి పక్కన నిలబెడితే చుట్టరికం నమ్మడం కష్టం. బహుమతులు గెలిచిన కొద్ది కుక్కలతోనే జత కట్టిస్తూ పోవడంతో రూపంతోపాటు లోపాలూ స్థిరపడ్డాయి.

అమెరికాలో చార్ల్స్ స్టాకార్డ్ అనే శాస్త్రవేత్త వేర్వేరు ఆకారాల జాతులను కలిపి పిల్లల్ని పుట్టించి పరిశీలించాడు. ఆయన మరణానంతరం 1941లో వెలువడిన గ్రంథం ఈ ఆకారాలకు వారసత్వంతోపాటు ఒంట్లోని వినాళ గ్రంథుల్లోనూ కారణం వెతికింది. జన్యువుల జాడ చాలా ఆలస్యంగా దొరికింది. 2017లో ఎస్‌ఎంఓసీ2 జన్యువులోని మార్పుకూ పొట్టి మూతికీ సంబంధం బయటపడింది. మరుసటి ఏడాది డీవీఎల్2 అనే జన్యువులో, మెలి తోక గల బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బోస్టన్ టెరియర్ మూడింటిలోనూ ఒకే లోపం కనిపించింది. మనుషుల్లో రోబినో సిండ్రోమ్ అనే ఎముకల లోపానికి దారితీసే మార్పులకు ఇది దగ్గరిది. బరిలో మార్కులు తెచ్చిన మెలి తోక నిజానికి వంకర తిరిగిన వెన్నుపూసలే.

అంగిలి చీలిన కూన పాలు తాగితే ముక్కులోంచి కారతాయి. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. అందుకే గొట్టంతో పాలు పడతారు. అంగిలి చీలికకు వంశం ఒక్కటే కారణం కాదు. చూలు సమయంలో విటమిన్ ఎ మితిమీరినా, కొన్ని మందులు వాడినా ప్రమాదమే. బోస్టన్ టెరియర్ తల్లులకు ఫోలిక్ యాసిడ్ ఇచ్చినప్పుడు చీలికలు తగ్గాయని 1997లో ఒక పరిశీలన తెలిపింది. ఒళ్ళంతా నీరు పట్టి పుట్టేవాటిని పెంపకందారులు ‘వాల్రస్ పిల్లలు’ అంటారు. అవి అంతగా ఉబ్బి ఉంటే తల్లి ఈనలేదు. అసలు ఈ జాతుల్లో మామూలు కూనల తలలే తల్లి కటికి పెద్దవి. 2010లో వచ్చిన బ్రిటన్ సర్వే ప్రకారం బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బోస్టన్ టెరియర్లలో 80 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్లే.

2008లో బీబీసీ ప్రసారం చేసిన ‘పెడిగ్రీ డాగ్స్ ఎక్స్‌పోజ్డ్’ పెద్ద దుమారం రేపింది. మరుసటి ఏడాదే కెన్నెల్ క్లబ్ జాతి ప్రమాణాలను సవరించింది. మన దేశంలో మాత్రం 2003 నాటి హచ్ ఫోన్ ప్రకటన తెచ్చిన పగ్ మోజు అప్పటికింకా తగ్గలేదు.

2016లో కాలిఫోర్నియా పరిశోధకులు బుల్‌డాగ్‌లో జన్యు వైవిధ్యం ఎంతో కుంచించుకుపోయిందనీ, ఆ జాతిలోపలే ఎంపిక చేసుకుంటూ దాన్ని బాగుచేయడం కష్టమనీ తేల్చారు. 2022 జనవరిలో ఓస్లో న్యాయస్థానం బుల్‌డాగ్, కెవలియర్ కింగ్ చార్ల్స్ స్పానియల్ జాతుల పెంపకాన్ని నిషేధించింది. అదే ఏడాది నవంబరులో అప్పీలు కోర్టు బుల్‌డాగ్‌కు ఆ నిషేధాన్ని తొలగించి, కెవలియర్‌కు కొనసాగించింది.